ఎవరు చుట్టారు?

వార్నిష్ వాసన వదిలేదాకా చేతులు తోముకుంటే గానీ ఆమె వంటింట్లో అడుగుపెట్టకూడదు. అది అత్తగారి ఆజ్ఞ. ఆ వాసనతో నడిచే షాపు మాత్రం అత్తగారి కొడుకుది. కాలిపోయిన మోటార్లు విప్పి, కొత్త రాగితీగ చుట్టి పద్నాలుగేళ్లుగా వాటికి ప్రాణం పోస్తోంది ఆమె. ముందు కుర్చీలో కూర్చుని బేరాలాడేది మొగుడు. ఆయన తీగ ముట్టి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. "ఆడది చుట్టిందంటే గిరాకీ గుమ్మం దిగుతుందే. ఎవరడిగినా మా ఆయనే చుట్టారని చెప్పు" అని మొదట్లోనే నేర్పాడు. చెప్పింది. చెప్పీ చెప్పీ ఆ మాట ఆవలింతంత తేలికైపోయింది.

పంపుల ఫ్యాక్టరీలో ఉద్యోగం ఉందిగానీ సర్టిఫికెట్ కావాలన్నారు. అందుకే నలభై దాటాక ట్రైనింగ్ సెంటర్లో చేరింది. సరిగ్గా ఆ ఏడాదే ప్రాజెక్టు మార్కుల్లో ఇంగ్లీషు కలిపారు. చేసిన వస్తువు ముందు నిలబడి, ఎలా చేశారో ఇంగ్లీషులో చెప్పాలి. "తెలుగుకే దిక్కులేదు, దొరసాని బయల్దేరింది" అని మొగుడు నవ్వాడు. అంట్లు తోముతూ గిన్నెలకి చెప్పుకుంది, బట్టలారేస్తూ దండేనికి చెప్పుకుంది. నోరు తిరిగితే ఒట్టు.

పరీక్షనాడు ఆమె చుట్టిన మోటారు గుండె కొట్టుకున్నంత మెత్తగా తిరిగింది. పరీక్షకొచ్చిన ఇంజినీరు చెవి ఆనించి విని, తలూపాడు.

"హూ డిడ్ దిస్ వైండింగ్?"

ఆమెకి అర్థమైంది. అర్థమైందన్న సంబరంలో, ఎక్కడా తడుముకోకుండా అనేసింది. "మై హస్బెండ్ డిడ్ ఇట్, సర్."

ఇంగ్లీషు టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. "ఆవిడే చుట్టింది సార్, నేను రోజూ చూశాను."

"ఆవిడే చెబుతోంది కదమ్మా."

"నేనే సార్, నేనే చుట్టాను" అంది ఆమె, తెలుగులో.

"ఇందాకటి మాట నమ్మాలా, ఇప్పటిదా?" ఇంజినీరు కలం ఆగలేదు. ఇంగ్లీషుకి నలభైకి ముప్పై ఆరు. పనికి సున్నా.

మార్కుల కాగితం చూసి మొగుడు పకపకా నవ్వాడు. "పోనీలే, ఇన్నాళ్లకి ఒక్క ముక్క తప్పు లేకుండా మాట్లాడావు. రా, రేపటికి మూడు మోటార్లు ఇవ్వాలి."

ఆమె తన వేళ్లు చూసుకుంది. తీగ కోసిన గాట్లు, ఒకదాని మీద ఒకటి. పద్నాలుగేళ్లుగా గుమ్మంలో నిలబడి, అడిగిన ప్రతివాడి ముందూ ఈ చేతులు తనవి కావని తనే సాక్ష్యం చెప్పింది. ఇవాళ ఒకడు నమ్మి రాసుకున్నాడు, అంతే. 

కాగితం తీసుకెళ్లి మోటార్ల మీద పెట్టింది.

"ఇవి చుట్టేది మీరేనని ఇంజినీరుగారు సంతకం పెట్టి ఇచ్చారు. కూర్చుని చుట్టండి."