రాగ్నా బల్ల దగ్గర మాటలు

వంటావిడ రాగ్నా డాల్ వంటపాకలో భోజనాల దగ్గర ఎవరూ నోరు విప్పకూడదు. అమెరికాలోని కాస్కేడ్ కొండల్లో దుంగలు కొట్టే శిబిరాలన్నిటిలోనూ అదే కట్టుబాటు; ఇక్కడ దాన్ని పెట్టింది ఆమే. అరవై మంది మగవాళ్లు ఆకలితో, అలసటతో ఒకచోట కూర్చుంటే మాటా మాటా పెరుగుతుంది, బల్లలు విరుగుతాయి. అందుకని తినడం, లేవడం, పోవడం. బీన్సు గిన్నె కావాలంటే వేలు చూపించాలి. శిబిరం పెద్ద టేట్ అంతటివాడు కూడా ఆమె బల్ల దగ్గర నోరు మూసుకునే తింటాడు.

లాస్ ఏంజిలస్ నుంచి మూగ సినిమా తియ్యడానికి వచ్చిన డైరెక్టర్ వింటన్‌కు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. రాత్రి భోజనాల మధ్యలో లేచి నిలబడి, చెంచాతో కప్పు మీద టింగుమని కొట్టాడు.

"మిత్రులారా! రేపటితో మా పని ఆఖరు. ఆ మాను తల నరికే దృశ్యం ఒక్కటే మిగిలింది. పొద్దుటికి గాలి లేస్తుందంటున్నారు. లేవనివ్వండి, తెర మీద ఇంకా బాగుంటుంది. ఎక్కే మగాడున్నాడా ఇక్కడ, మమ్మల్ని పెట్టె సర్దుకోమంటారా?"

నమిలే దవడలన్నీ ఆగిపోయాయి. చూపులన్నీ ఎస్కిల్ మీదికి తిరిగాయి. ఆ మాను మామూలు మాను కాదు. కొమ్మలు కొట్టేసి, తల నరికి, పైన కప్పీలు కట్టి కొండ మీది దుంగలన్నిటినీ దాని ఆధారంగానే లాగుతారు. దాన్ని ఎక్కడం ఎస్కిల్ పని.

ఎస్కిల్ తల ఊపాడు.

పొయ్యి దగ్గర నిలబడ్డ రాగ్నా ఆ ఊపు చూసింది. బయట ఎక్కడైనా అయితే అతను ఏం చేసేవాడో ఆమెకు తెలుసు. "మీ తాతను ఎక్కించు" అని ఒక మాట విసిరి, అందరినీ నవ్వించి, ఆ సంగతి అక్కడితో తుంచేసేవాడు. ఇక్కడ నవ్వడానికీ లేదు, తిట్టడానికీ లేదు. తల ఊపాలి, లేదా దించుకోవాలి. అందరి ముందూ ఒక్కసారి తల దించుకున్నవాణ్ణి మళ్లీ మాను ఎక్కనివ్వరు.

భోజనాలయ్యాక ఎస్కిల్ రోజూ లాగే కట్టెలు కొట్టి పెట్టడానికి వంటపాక వెనక్కి వచ్చాడు. అది అతని పని కాదు. చలికాలం మొదలైన దగ్గర్నుంచీ అలాగే వస్తున్నాడు. ఏప్రిల్‌లో పెళ్లి చేసుకుందామని, భర్త పోయిన రాగ్నాను అతను అడిగిందీ, ఆమె సరేనన్నదీ ఆ కట్టెల దగ్గరే.

"ఎందుకు ఊపావు?" అంది రాగ్నా.

"ఊపక ఏం చెయ్యమంటావు?"

"గాలిలో తల నరికితే మాను నిలువునా చీలుతుందని నువ్వేగా చెప్పావు. మాను చుట్టూ తిప్పి నడుముకు కట్టుకున్న తాడు ఆ చీలికతో బిగుసుకుంటే మనిషి మిగలడనీ చెప్పావు."

"చెప్పాను."

"మరి?"

"ఇప్పుడు టేట్ దగ్గరికి పోయి నా వల్ల కాదంటే, వంటావిడ గౌను చాటున దాక్కున్నాడంటారు."

"నువ్వు పట్టవు, పొడుగోడా. కాళ్లు బయటికొస్తాయి."

అతను నవ్వలేదు. కట్టెలు పేర్చి వెళ్లిపోయాడు.

తెల్లారేసరికి గాలి పొయ్యి గొట్టంలో దూరి ఊళ పెడుతోంది. కిటికీలోంచి చూస్తే మాను తల ఒక పక్కకు వాలి, నెమ్మదిగా లేచి, రెండో పక్కకు వాలుతోంది. వింటన్ మనుషులు అప్పుడే కెమెరా పెట్టెను మూడు కాళ్ల మీద నిలబెట్టి, కాళ్లకు రాళ్లు కడుతున్నారు. రాగ్నా అట్లు వడ్డించింది. అందరికీ కాఫీ పోస్తూ ఎస్కిల్ దాకా వచ్చింది. కప్పు పట్టుకున్న అతని చెయ్యి రవ్వంత కూడా వణకలేదు. చావడానికి సిద్ధపడ్డ మనిషి చెయ్యిలా ఉందది. ఆమెకు ఒళ్లు మండింది.

కాఫీ కూజాను బల్ల మీద ఠక్కున పెట్టింది.

"మాట్లాడండి!"

ఎవరికీ అర్థం కాలేదు.

"ఈ పూట నా బల్ల దగ్గర నోరున్నవాళ్లంతా తెరవండి. ఈ గాలిలో ఆ మాను ఎక్కొచ్చా, ఎక్కకూడదా? చెప్పండి."

టేట్ ఫోర్కు కింద పెట్టాడు. "ఏంటిది, మిసెస్ డాల్? మీరు పెట్టిన కట్టుబాటే కదా..."

"నేను పెట్టాను కాబట్టే నేను తీసేస్తున్నాను. మీరూ మాట్లాడొచ్చు, మిస్టర్ టేట్. వరసలో రండి."

ఏళ్ల తరబడి మూసుకున్న నోళ్లు అంత తేలిగ్గా తెరుచుకోలేదు. ఒకడు దగ్గాడు. ఇంకొకడు అట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆఖరికి ముసలి ఫింగల్ గొంతు సవరించుకున్నాడు.

"ముందుగా ఒక మాట. ఈ అట్లు మందంగా ఉంటున్నాయి. చాన్నాళ్లుగా చెబుదామనుకుంటున్నా."

బల్లంతా గొల్లున నవ్వింది.

"ఇక మాను సంగతి. ఈ గాలిలో మా అత్తనైనా ఎక్కించను. మా అత్తను మీరు చూళ్లేదు."

అంతే, కట్ట తెగింది.

"నేను రాత్రే అనేవాణ్ణి!"

"అంటే అట్లకాడతో నీ నెత్తి పగిలేది!"

"డైరెక్టర్ గారినే ఎక్కించండ్రా, మేం కింద నిలబడి పెట్టె తిప్పుతాం!"

ఆ గోల మధ్య ఎస్కిల్ లేచాడు. నెమ్మదిగా నవ్వుతున్నాడు.

"మిస్టర్ వింటన్, రాత్రి తల ఊపాను. అది తప్పు, ఒప్పుకుంటున్నా. ఎక్కను. గాలి తగ్గాక రండి, దాని తల తెచ్చి మీ ఒళ్లో పెడతా."

"అప్పటిదాకా ఎవరు ఆగుతారయ్యా?" వింటన్ టేట్ వైపు తిరిగాడు. "మీరు మాటిచ్చారు."

టేట్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఎస్కిల్, ఎక్కకపోతే నీకిక్కడ పని లేదు. మీకూ లేదు, మిసెస్ డాల్."

రాగ్నా గౌను మీద కట్టుకున్న గుడ్డ విప్పి మేకుకు తగిలించింది. పొయ్యి దగ్గరి అట్లకాడ తెచ్చి టేట్ చేతిలో పెట్టింది.

"పెనం మీద అట్లు మాడుతున్నాయి, మిస్టర్ టేట్. తిప్పుకోండి."

కాసేపటికి ఇద్దరూ దుంగల బండి పట్టాల వెంట కొండ దిగుతున్నారు. ఆమె బట్టల పెట్టె ఎస్కిల్ భుజం మీద ఉంది. వెనక వంటపాకలో ఇంకా అరుపులు వినిపిస్తున్నాయి. పనికి ఒక్కడూ లేచినట్టు లేదు. గొడ్డలి చప్పుడే లేదు.

"ఎక్కడికి పోదాం?" అన్నాడు ఎస్కిల్.

"మనుషులు అన్నం తినే చోటికి. వంట వచ్చినదాన్ని, నాకేం భయం?"

టోపీ పట్టుకుని వింటన్ పరిగెత్తుకొచ్చాడు. అతని వెనక కెమెరా మోస్తున్నవాడు రొప్పుతున్నాడు.

"మేడమ్! అద్భుతం! మాను బదులు మీరే నా ఆఖరి దృశ్యం. అలాగే, మళ్లీ ఆ వెనక మలుపు దగ్గర్నుంచి నడిచి రండి. మధ్యలో ఒకసారి ఆగి, శిబిరం వైపు చూసి కళ్లు తుడుచుకోండి, చాలు."

రాగ్నా ఆగలేదు.

"ఏడవడానికి మీ హీరోయిన్ ఉందిగా, ఆమెను పిలుచుకోండి. మేం ఒక్కసారే వెళ్తాం."

ఎస్కిల్ పెట్టెను రెండో భుజానికి మార్చుకున్నాడు. ఇద్దరూ గాలికి ఎదురుగా ముందున్న మలుపు తిరిగారు.