గడప లోపలి మాట

బాన్సువాడ అదాలతులో పోసవ్వ గెలిచింది. వైద్యుడు వెంకట్రాములు రోగిని ముట్టి చూడకుండానే జబ్బు తేల్చాడనీ, ఇకమీదట ఎవరికీ మందు ఇవ్వకూడదనీ తీర్పు వచ్చింది. ఊరు తప్పంతా ఒక్కడి నెత్తిన రుద్ది చేతులు దులుపుకుంది. పోసవ్వకు మాత్రం ఆ రోజు ముద్ద దిగలేదు.

అదంతా మొదలైన ఏడాది ఇళ్లలో ఎలుకలు చచ్చి రాలాయి. ప్లేగు వస్తే ఊరు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకోవడం ఆనవాయితీ. మూటలు కడుతున్న నాడే పోసవ్వ కూతురు, పదేళ్ల నీలకు జ్వరం వచ్చి గజ్జల్లో బిళ్ల కట్టింది. వెంకట్రాములు గడప దాటలేదు. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, "ప్లేగే పోసవ్వ. పిల్లను ముట్టకు. మిగిలిన ఇద్దరు పిల్లలనన్న బతికించుకో" అన్నాడు. భయపడ్డవాడి మాటే ఊరికి వేదమైంది.

నీలను ఇంట్లో ఉంచి అందరూ పొలాలకు పోయారు. పోసవ్వ రోజూ వచ్చి గంజి ముంతను కర్రతో గడప లోపలికి నెట్టేది. మొదటి రోజే లోపలినుంచి పిల్ల పిలిచింది.

"అవ్వా, కాలు నొస్తుంది. జర చూడవే."

"ముట్టొద్దన్నరు బిడ్డా" అని పోసవ్వ వెనక్కి తిరిగింది.

నాలుగో రోజు ముంత పెట్టింది పెట్టినట్టే ఉంది. ప్లేగు పీనుగను ఎవరూ కడగరు. పోసవ్వ ఎవరి మాటా వినకుండా లోపలికి పోయి కడిగింది. అరికాలు చీము పట్టి నల్లబడి ఉంది. ఒత్తితే చెరుకుతోట కంచెలోని తుమ్మముల్లు బయటికి వచ్చింది. కాలికి గాయమైతే గజ్జల్లో బిళ్ల కడుతుందని ఆ ఊళ్లో తెలియని మనిషి లేదు. ఆ ఒక్క ఏడే అందరూ మరిచారు.

ఆ ముల్లును కొంగున కట్టుకుని ఆమె దావా వేసింది. విచారణ నాడు వెంకట్రాములు వకీలు అడిగాడు.

"కాలు నొస్తుందని పిల్ల నీకు చెప్పిందా అవ్వా?"

"చెప్పలే" అంది పోసవ్వ, ప్రమాణం చేసిన నోటితోనే.

తీర్పు వచ్చిన వారానికి వెంకట్రాములు ఊరు విడిచిపోతూ ఆమె ఇంటి ముందు ఆగాడు. మనిషి సగమయ్యాడు.

"తప్పు నాదే పోసవ్వ. పిల్ల ఎవ్వరికీ చెప్పలేదన్నవు సూడు, గంతే నాకు నిమ్మలం. పిల్ల చెప్పినా ఇనని పాపం మన మీద లేదు."

అతను దండం పెట్టి నడిచిపోయాడు.

"అవ్వా, జర చూడవే."

పోసవ్వ పరుగున గడప దాటింది. లోపల ఎవరూ లేరు.