పగబట్టిన కోతి, నేను, పెంచలయ్య

నేను ఒక బొమ్మల పుస్తకాన్ని. జపానువాళ్లు నన్ను మాంగా అంటారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, మీ పుస్తకాలు ఎక్కడ ముగుస్తాయో నేను అక్కడ మొదలవుతాను. నన్ను కుడి నుంచి ఎడమకు చదవాలి. ఈ ఒక్క సంగతి తెలియక ఒక మనిషి రెండేళ్లు మనశ్శాంతితో బతికాడు.

నన్ను గీసినావిడ ఒసాకాలో ఒక ఇరుకు గదిలో, బల్ల మీదే తిని బల్ల మీదే కునికి, ఏడాదిపాటు గీసింది. కథ ఇది. ఒక పిల్లకోతి. దాన్ని ఒళ్లో పెట్టుకుని పళ్లు తినిపించి పెంచే కాపరి ఒకడు. కోతి ఎదిగాక పైవాళ్లు దాన్ని అంతరిక్షంలోకి పంపాలనుకుంటారు. కాపరే చెయ్యి పట్టుకుని రాకెట్ దాకా నడిపిస్తాడు. తిరిగి తెచ్చే ఆలోచన ఎవరికీ లేదు. చావకుండా మిగిలిన ఆ కోతి పగబట్టి భూమికి దిగుతుంది, ముసలివాడైపోయిన కాపరిని వెతికి పట్టుకుంటుంది. ఆఖరి పేజీలో దాని రెండు చేతులూ వాడి గొంతు మీద ఉంటాయి. పిల్లలు చదవదగ్గ కథ కాదని అమ్మలందరూ అన్నారు. అందుకే పిల్లలు ఎగబడి కొన్నారు.

నన్ను కొన్న ఇంజనీరు సూళ్లూరుపేట దగ్గర ఒక జపాను కంపెనీ ఫ్యాక్టరీలో పనికి వస్తూ పెట్టెలో వేసుకొచ్చాడు. పని ముగిశాక సామానంతా సర్దుకుని, నన్ను గెస్ట్‌హౌస్ మంచం కింద వదిలేసిపోయాడు. సగం వాడిన షాంపూ సీసాను మాత్రం గుర్తుపెట్టుకుని తీసుకెళ్లాడు.

ఆ గెస్ట్‌హౌస్ వాచ్‌మన్ పెంచలయ్య. గది సర్దడానికి వచ్చి, నా అట్ట మీద హెల్మెట్ పెట్టుకున్న కోతిని చూసి అక్కడే నేల మీద కూలబడ్డాడు.

ఎందుకో తర్వాత తెలిసింది. ఎవరికీ చెప్పనిది నాకు చెప్పుకున్నాడు. పుస్తకం ఎదురు ప్రశ్నలు వెయ్యదు కదా. ఒకప్పుడు ఆయన మద్రాసులో, మందులు పరీక్షించే ఒక ల్యాబులో పదహారేళ్లు కోతులను చూసుకున్నాడు. వాటికి పేర్లు పెట్టకూడదని అక్కడి నియమం. ఈయన ఒకదానికి చంటోడు అని పెట్టనే పెట్టాడు. పరీక్ష గదికి రమ్మని ఎవరు పిలిచినా చంటోడు బోను మూలకు నక్కేవాడు. అందుకని పెంచలయ్యనే పంపేవారు. ఆయన చెయ్యి చాపితే వచ్చి వేలు పట్టుకునేవాడు. ఆఖరి రోజూ అలాగే వచ్చాడు. ఆ గదిలోంచి ఈసారి తిరిగి రాడని పెంచలయ్యకు తెలుసు. తెలిసీ చెయ్యి చాపాడు.

నన్ను ఆయన అలవాటు చొప్పున తెలుగు పుస్తకంలా ఎడమ నుంచి తెరిచాడు. తెరవగానే గొంతు మీద చేతులు! అయినా ఆయన పేజీ తిప్పాడు. తిప్పుతూ పోతే కోతి గొంతు వదిలేసింది, ఆకాశంలోకి వెళ్లిపోయింది, రాకెట్‌తో సహా నేలకు దిగింది, కాపరి చెయ్యి పట్టుకుని నడిచింది, చిన్నదై చిన్నదై చివరికి ఒళ్లో కూర్చుని పండు తింటోంది. కాపరి కూడా పడుచువాడైపోయాడు. అదెలాగని ఆయన బుర్ర బద్దలు కొట్టుకోలేదు.

"ఇంకో జన్మెత్తినారు ఇద్దరూ," అని తేల్చేశాడు. "కోపం తీరినాక మళ్లా నా కాడికే వచ్చినాడు."

ఒళ్లో కూర్చున్న ఆ బొమ్మ మీద ఆయన కన్నీళ్లు పడి కాగితం ఉబ్బింది. ఆయన చదువుకున్నది అబద్ధమని నాకు తెలుసు. చెప్పే నోరు నాకు లేదు, ఉన్నా చెప్పేదాన్ని కాదు. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచినప్పుడల్లా ఊరంతా మిద్దెలెక్కేది. ఆయన మాత్రం గదిలో ఆ పేజీ తీసుకుని కూర్చునేవాడు.

ఆయన కూతురు కామాక్షి అదే ఫ్యాక్టరీలో చేరింది. కంపెనీవాళ్లు ఆమెకు జపాను భాష నేర్పించారు. ఒక ఆదివారం అన్నం, చేపల పులుసు క్యారియర్ తెచ్చి, తండ్రి చేతిలో నన్ను చూసి పకపకా నవ్వింది.

"అయ్యో నాయనా, ఎనక నుంచి చదవతా ఉండావే! ఇది ఈపక్క నుంచి చదవాల."

తన చదువు తండ్రికి చూపించాలని ఎంత ముచ్చటో ఆ పిల్లకి. పక్కన చతికిలబడి, నన్ను తిప్పి, వేలు పెట్టి ప్రతి మాటా తెలుగులో చెప్పింది. ఆయన మొదట ఊకొట్టాడు. రాకెట్ దగ్గరికి వచ్చేసరికి మానేశాడు. ఆమె గమనించలేదు. ఆఖరి పేజీలో కోతి పలికే మాట ఒక్కటే. అదీ చదివేసింది.

"'నువ్వు పిలిచావనే వచ్చాను' అంటాది నాయనా. అంతే, అయిపొయ్యె."

పెంచలయ్య ఏడవలేదు. గోడకు ఆనుకుని చాలాసేపు తన కుడిచేతినే చూసుకున్నాడు. కామాక్షి బెదిరిపోయి అడిగితే, అప్పుడు చెప్పాడు చంటోడి సంగతి. పాతికేళ్ల కూతురికి మొదటిసారి చెప్పాడు.

ఆమె గబగబా నన్ను వెనక్కి తిప్పింది.

"నాకేం సరిగ్గా రాదు నాయనా, నేర్చింది నాలుగు ముక్కలు. నువ్వు చదివిందే కరెక్టు. అట్టనే చదువుకో."

"వద్దు మ్మా," అన్నాడాయన. "వాణ్ణి ఒకసారి నమ్మించి పంపినాను. ఇప్పుడు వాడి కత గూడా నాకు కావాల్సినట్టు తిప్పుకుంటే, రెండోసారి పంపినట్టు గాదా? జరిగింది జరిగినట్టే చదువు."

ఆమె మొదటి పేజీ తీసింది. పిల్లకోతి బొమ్మ మీద వేలు పెట్టి ఆగిపోయింది. అప్పుడు ఆయనే అందుకున్నాడు. ఒక్క జపాను అక్షరం రాకపోయినా బొమ్మ బొమ్మకూ వేలు పెట్టి చెప్పుకుంటూ పోయాడు. చంటోడికి సపోటా అంటే ప్రాణమనీ, చెవి వెనక గోకితే కళ్లు మూసుకునేవాడనీ. నాతోపాటు అచ్చయిన నా తోబుట్టువులను వేలమంది చదివి ఉంటారు. అందరూ కోతిలోనే తమను చూసుకుని ఉంటారు. ఎవరి పగలు వాళ్లకు ఉంటాయి కదా. కాపరిలో తనను చూసుకున్నవాడు నేనెరిగినంతలో ఈయనొక్కడే.

ఆఖరి పేజీ వచ్చింది. ఆయన వేలు కోతి మీద ఆగలేదు. దాని చేతుల కింద నలుగుతున్న ముసలివాడి మీద ఆగింది.

"ఇది నేను మ్మా," అన్నాడు.

కామాక్షి నన్ను మూయబోయింది. ఆయన మూయనివ్వలేదు.