ముందే వేసిన ఉప్పు

మొదటి టబ్బు మూత తీశాను. వంకాయ చక్రాలు గోధుమరంగు నీళ్లలో తేలుతున్నాయి. రెండోది తీశాను. పుట్టగొడుగులు, క్యాప్సికమ్ ముక్కలు, వాటి అడుగున మూడు వేళ్ల లోతు నీళ్లు. మూడోది తీయడానికి చెయ్యి రాలేదు. లోపలినుంచి ఎవరైనా "ఇందులో బాగానే ఉన్నాయిలే" అంటారేమోనని మూత మీద చెయ్యి పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను.

అప్పటికి టైం ఏడున్నర. పన్నెండున్నరకి ఎనభై మంది భోజనానికి వస్తారు.

ప్రింటింగ్ ప్రెస్సువాళ్లు ఏటా ఎండాకాలంలో ఒక ఆదివారం పెళ్లాం పిల్లలతో కలిసి ఈ మైదానంలో భోంచేస్తారు. మాంసం, బ్రెడ్డు పెద్దక్క చూసుకుంటుంది. పెద్దక్క అంటే మా క్యాటరింగ్ ఓనరు. వయసులో నాకు అమ్మంత ఉంటుంది, అయినా అందరికీ పెద్దక్కే. పక్క వంటలన్నీ, అంటే కాల్చిన కూరగాయలు, మొక్కజొన్న కండెలు, బంగాళాదుంపల సలాడ్, క్యాబేజీ, పెరుగులో కీరా ముక్కలు, ఈసారి నా ఒక్కదాని మీద వదిలేసింది. "ఇది బాగా చేశావంటే సోమవారం నుంచి పర్మనెంటు. లేదంటే ఎప్పట్లాగే పిలిచినప్పుడు వచ్చి గిన్నెలు కడుగు" అని శుక్రవారం చెప్పింది. చెప్పి నా మొహం కూడా చూడకుండా వెళ్లిపోయింది.

తొమ్మిదో తరగతి మధ్యలో చదువు మానేసిన దాన్ని. నన్ను పర్మనెంటు అన్నవాళ్లు ఇంతవరకు లేరు. ఆ మాట పట్టుకుని రెండు రోజులు ఇంట్లో కాలు నిలవలేదు. శనివారం సాయంత్రం పెద్దక్క వంటింట్లోనే కూర్చుని కూరగాయలన్నీ కోసేశాను. కోశాక అనుకున్నాను కదా, పొద్దున చంటిది లేచి ఏడిస్తే, పాలు తాగకపోతే, బస్సు తప్పిపోతే, మైదానంలో ఉప్పూ కారం కలిపే టైం ఉంటుందా అని. ఉండదేమో అనిపించింది. ఇప్పుడే కలిపేస్తే ఒక పని తగ్గుతుంది కదా అనుకుని అన్నింటికీ ఉప్పు, నూనె, మిరియాల పొడి పట్టించి మూతలు పెట్టి వచ్చాను. రాత్రి అత్తయ్యతో గొప్పగా చెప్పాను కూడా, రేపు నాకు కాల్చడం తప్ప పనేం లేదని.

చంటిది పొద్దున ఏడవలేదు. నేను వస్తుంటే నిద్రలో నవ్వింది.

"ఏంటమ్మాయ్, టబ్బుకి దండం పెడుతున్నావ్?" అని వెనకనుంచి బాబాయ్ గొంతు. బొగ్గుల పొయ్యిల పని ఈయనది, తెల్లారకముందే టబ్బుల్ని ఆటోలో తెచ్చి దింపింది కూడా ఈయనే. పాతికేళ్లుగా బొగ్గు, ఊదుడు గొట్టం, ఇనుప జాలీలు. చేతుల మీద వెంట్రుక లేదు, అంతా మంటకి ఇచ్చేశానంటాడు. వచ్చి టబ్బులోకి తొంగి చూశాడు.

"నిన్నే ఉప్పేశావా?"

"వేశాను బాబాయ్."

"కూరగాయలు కాల్చమంటే స్నానం చేయించావ్."

నవ్వు రాలేదు. ఆయన కూడా నవ్వలేదు. ఒక పొయ్యి అప్పటికే రాజుకుంది కాబట్టి నాలుగు వంకాయ ముక్కలు తీసి జాలీ మీద వేశాను. చుయ్ మని ఆవిరి లేచింది. ఒకవైపు తిప్పి చూస్తే బూడిదరంగు, రెండో వైపు కూడా అంతే. ఎక్కడా నల్లటి గీత పడలేదు. ఉడకబెట్టిన చెప్పుల్లా వేలాడుతున్నాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను. ఉప్పు, మెత్తదనం, అంతే.

"పెద్దక్క ఎన్నింటికి వస్తుంది?" అన్నాను. నాకు తెలుసు. అయినా అడిగాను.

"పదింటికి. వ్యానుతో." బాబాయ్ జాలీ మీద ముక్కలు గీకి పడేశాడు. "ఒక పని చెయ్. ఎర్ర సాసు బాగా పోసెయ్. సాసు కింద ఏముందో ఎవడు చూస్తాడు?"

"పెద్దక్క చూస్తుంది."

"అది నిజమే."

టబ్బుల చుట్టూ తిరిగాను. ఒకసారి, రెండుసార్లు. ఫోన్ తీసి చూసుకున్నాను, ఇంటినుంచి ఏమీ లేదు. ఏమీ లేకపోతే బాగున్నట్టా, అత్తయ్య ఫోన్ ఎక్కడ పెట్టిందో మర్చిపోయినట్టా? చంటిదానికి పది నెలలు. ఇప్పుడిప్పుడే మంచం పట్టుకుని నిలబడుతోంది. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. ఆ పిల్ల ఒక మూలకి పాకితే ఈవిడ లేచేలోపు ఇంకో మూలకి పాకుతుంది. ఆ తలపు ఒకవైపు లాగుతుంటే టబ్బులు ఇంకోవైపు లాగుతున్నాయి.

టేబుళ్ల మీద పరవడానికి తెచ్చిన తెల్లబట్టల కట్ట కనబడింది. పన్నెండున్నాయి. ఆరు తీశాను. ఒక బట్ట విప్పి గుప్పెడు కాదు, దోసెడు దోసెడు వంకాయ ముక్కలు వేసి మూట కట్టి పిండాను. నీళ్లు మోచేతుల దాకా కారాయి. గట్టిగా పిండితే ముక్క చితుకుతుంది, మెల్లగా పిండితే నీళ్లు దిగవు. మా అమ్మ విరిగిన పాలు మూట కట్టి బరువు కింద పెట్టడం గుర్తుకొచ్చి, ముక్కల్ని బట్టల మధ్య పరిచి, పైన ఒక ట్రే, ఆ ట్రే మీద ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాను పెట్టాను. పుట్టగొడుగులకీ అలాగే. క్యాప్సికమ్ పెద్దగా చెడలేదు, తుడిస్తే చాలు. ఉల్లి చక్రాలు కూడా నయమే. నొక్కిన ముక్కల్ని ఇనుప జాలీల మీద ఒక్కొక్కటిగా పరిచి గాలికి పెట్టాను. తడిసిన బట్టల్ని కంచె మీద ఆరేశాను. తెల్లబట్టలు ఊదా, గోధుమ మరకలతో రెపరెపలాడుతున్నాయి.

ఇంకో జాలీ మీద మళ్లీ నాలుగు ముక్కలు వేశాను. ఈసారి ఆవిరి తక్కువ. రెండు నిమిషాలకి అంచులు ముడుచుకున్నాయి. తిప్పితే నల్లటి గీతలు. ఊపిరి పీల్చుకోబోయి ముక్క కొరికాను. ఉప్పు నాలుకని పట్టేసింది.

"నీళ్లు పోయాయి గానీ ఉప్పు ఎక్కడికి పోతుందమ్మా" అన్నాడు బాబాయ్, తనూ ఒకటి నోట్లో వేసుకుని.

ఉప్పుని ఎక్కడికీ పంపలేను. దాని పక్కన ఉన్నవాటిని మార్చగలను. బంగాళాదుంపల సలాడ్‌లో ఉప్పు వేయలేదు. పెరుగులో వేయలేదు. క్యాబేజీలో నిమ్మరసం, కొంచెం పంచదార, అంతే. మొక్కజొన్నకి ఉత్త వెన్న. తినేవాడు అన్నీ కలిపి ఒక పళ్లెంలో పెట్టుకుంటాడు కదా, అక్కడ లెక్క సరిపోవాలి. సరిపోతుందా అని ఎన్నిసార్లు రుచి చూశానో, నాలుక మొద్దుబారిపోయి ఇక ఏదీ తెలియడం మానేసింది. బాబాయ్ నోటిని అరువు తెచ్చుకున్నాను. ఆయన ప్రతిదానికీ "బానే ఉంది" అన్నాడు. ప్రతిదానికీ అలా అనేవాడి మాట నమ్మడమెలా?

పదింటికి వ్యాను వచ్చింది. పెద్దక్క దిగుతూనే బ్రెడ్డు డబ్బా చాచింది. పని మొదలయ్యాక ఫోన్లన్నీ ఆ డబ్బాలో వేయాలి, వడ్డన అయ్యేదాకా ఎవరూ తీయకూడదు. అది ఆవిడ పద్ధతి. ఒకసారి ఎవరో ఫోన్ మాట్లాడుతూ చేప ముక్కల్ని బొగ్గు చేశారట. నాది వేశాను. వేస్తుంటే చంటిదాన్నే ఆ డబ్బాలో పెట్టి మూతేసినట్టు అనిపించింది.

అప్పుడు ఆవిడ కంచె వైపు చూసింది.

"అవి నా టేబుల్ బట్టలా?"

బాబాయ్ నాకంటే ముందు అందుకున్నాడు. "ఈసారి కూరగాయల తమ్ముడు నీరు పట్టిన సరుకు ఇచ్చాడు పెద్దక్కా. కోస్తుంటేనే కారుతున్నాయి. పాపం ఈ అమ్మాయి పిండి పిండి చేతులు పడిపోయాయి."

పెద్దక్క నా వైపు తిరిగింది. అవునన్నట్టు తలూపితే చాలు. మాట కూడా అక్కర్లేదు. కూరగాయల తమ్ముడు రోజూ తెల్లారకముందే సైకిల్ మీద తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్తాడు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. అడిగినా తనని తాను సమర్థించుకోవడం చేతకాదు. రేపటినుంచి అతను రాడు, నేను వస్తాను.

"సరుకు బాగానే ఉంది పెద్దక్కా" అన్నాను. "నేనే నిన్న సాయంత్రం ఉప్పు పట్టించి పెట్టాను. రాత్రంతా నీరు దిగింది."

బాబాయ్ బొగ్గుల వైపు తిరిగిపోయాడు.

పెద్దక్క ఏమంటుందో అని చూశాను. తిడితే బాగుండు, అయిపోయేది. "ముందు వడ్డన కానీ. తర్వాత మాట్లాడదాం" అని మాంసం పెట్టెలు దింపించుకోవడానికి వెళ్లింది. ఆ "తర్వాత" పట్టుకుని రెండున్నర గంటలు నిప్పు ముందు నిలబడ్డాను.

పదకొండున్నరకి డబ్బాలో ఫోన్ మోగింది. రేకు డబ్బా కదా, మైదానం అంతా వినబడేలా గలగలమంది. నాదే. మా ఆయన లిఫ్టుల రిపేరు పనిలో ఉంటాడు, డ్యూటీలో ఫోన్ చేయడు. అత్తయ్యకి ఫోన్ అంటే భయం, ఇల్లు కూలితే తప్ప చేయదు. జాలీ మీద నలభై ముక్కలు ఉన్నాయి. అవి తిప్పాల్సిన సమయం అదే. చేతిలో పట్టకారు, కాళ్లు డబ్బా వైపు.

మోగడం ఆగింది. మళ్లీ మొదలైంది.

"పెద్దక్కా, అది మా ఇంటినుంచి" అన్నాను.

ఆవిడ వచ్చి నా చేతిలో పట్టకారు లాక్కుంది. "పో."

డబ్బా తెరిచి ఫోన్ ఎత్తాను.

"అమ్మాయ్, ఆ చిన్న నీలం గిన్నె మూత ఎక్కడ పెట్టావ్?" అంది అత్తయ్య.

"పిల్ల ఏం చేస్తోంది అత్తయ్యా?"

"ఏం చేస్తుంది, కూర్చుంది. మూత కోసం గంట నుంచి వెతుకుతున్నా. ఆ, ఉండు ఉండు. ఇదిగో, దాని నోట్లోనే ఉంది. సరే పెట్టెయ్, నీకు పనుంటుంది."

తిరిగొచ్చేసరికి పెద్దక్క నలభై ముక్కలూ తిప్పేసింది. "ఏంటట?"

"గిన్నె మూత దొరికిందట."

"సంతోషం" అని పట్టకారు నా చేతిలో పెట్టింది. ఆవిడ పెదవి ఒక మూల కదిలినట్టే ఉంది, పొగలో సరిగా కనబడలేదు.

వడ్డనకి ముందు ఇంకో పద్ధతి ఉంది. చేసినవాళ్లు అందరి ముందూ ముందుగా తినాలి. పళ్లెంలో అన్నీ కొంచెం కొంచెం పెట్టుకుని నిలబడి తిన్నాను. నాలుకకి ఏమీ తెలియడం లేదు, అయినా నమిలాను. తర్వాత పెద్దక్క తింది. వంకాయ ఒక్కటే తిని ఆగింది. తర్వాత వంకాయ, బంగాళాదుంప కలిపి తింది. తర్వాత పెరుగుతో. "పళ్లెంలో విడివిడిగా పెట్టొద్దు. వంకాయ పక్కనే పెరుగు పడాలి, ప్రతి పళ్లెంలోనూ" అని వడ్డించేవాళ్లకి చెప్పింది.

జనం వచ్చారు. పిల్లలు మొక్కజొన్న కండెలు పట్టుకుని పరుగెత్తారు. సిరా మరకలున్న వేళ్లతో ఒక ముసలాయన మూడుసార్లు వచ్చి వంకాయే అడిగాడు. ఇంకొకావిడ "ఉప్పు కాస్త ఎక్కువైందమ్మా, ఎవరు చేశారు?" అంది. "నేనేనండి, పెరుగుతో తినండి" అన్నాను. ఆవిడ తిని, సరే అన్నట్టు భుజం ఎగరేసి వెళ్లింది. అది మెచ్చుకోలో కాదో నాకిప్పటికీ తెలియదు. పుట్టగొడుగులు సగం మిగిలాయి. మిగతావన్నీ అయిపోయాయి.

మూడింటికి జాలీలు గీకుతుంటే పెద్దక్క వచ్చి పక్కన బోర్లించిన టబ్బు మీద కూర్చుంది.

"ఉప్పు ముందే వేస్తే నీరు దిగుతుందని తెలీదా నీకు?"

"తెలుసు. పొద్దున టైం చాలదని భయమేసింది. పిల్ల లేస్తే, బస్సు రాకపోతే అని."

"ఆ భయం రోజూ ఉంటుందిగా. పర్మనెంటంటే రోజూ ఐదింటికి వంటింట్లో ఉండాలి. ఉంటావా?"

ఉంటాననడానికి నోరు తెరిచాను. ఆ మాట కోసమే కదా మూడు రోజులుగా ఒళ్లంతా కళ్లు చేసుకుని ఉన్నది. కానీ పొద్దున నిజం చెప్పినందుకో ఏమో, ఇప్పుడు అబద్ధం రావడం కష్టంగా ఉంది.

"ఉండలేను పెద్దక్కా. పిల్ల ఐదింటికి పాలకి లేస్తుంది. ఏడింటికైతే వస్తాను. ఐదింటికి వస్తానని ఒప్పుకుంటే రోజూ ఇలాంటి పనే ఏదో ఒకటి చేస్తాను, నాకు తెలుసు."

ఆవిడ కంచె మీద బట్టల వైపు చూసింది. నేను గీకిన చోటే మళ్లీ గీకుతున్నాను.

"కోయడం బాగుంది నీది" అంది. "అన్ని ముక్కలూ ఒకే మందం. అందుకే పిండినా చితకలేదు. సాయంత్రాలు రా. నాలుగు నుంచి ఎనిమిది. కోసి, మూతలు పెట్టి వెళ్లిపో. పొద్దున ఏడింటికి నేరుగా పొయ్యి దగ్గరకి రా. మధ్యలో ఉప్పు సంగతి నేను చూసుకుంటా."

"పర్మనెంటేనా?"

"మరి ఊరికే వస్తావా? ఆ బట్టలు మాత్రం నువ్వే ఉతకాలి. మరక పోయేదాకా."

బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. సంతోషమే. అయినా ఒళ్లో బట్టల మూట పెట్టుకుని కుదురుగా కూర్చోవడం నావల్ల కాలేదు. నాలుగు నుంచి ఎనిమిది. చంటిదాని స్నానం, అన్నం, నిద్ర, అన్నీ ఆ గంటల్లోనే. మా ఆయన మూడింటికల్లా ఇంటికి వస్తాడు, వచ్చి టీ తాగి మంచమెక్కుతాడు.

తలుపు తీసింది అత్తయ్యే. చంటిది ఆవిడ చంకలో, ఆ నీలం మూత దాని చేతిలో. నన్ను చూసి రెండు చేతులూ చాచింది. ఎత్తుకున్నాను. నా మెడ దగ్గర పొగ వాసన చూసి తుమ్మింది.

"ఏమన్నారు మీ పెద్దక్క?"

"తీసుకున్నారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది, మళ్లీ పొద్దున ఏడింటికి."

"ఎనిమిది దాకానా? మరి దీని స్నానం?"

"మీ అబ్బాయి చేయిస్తారు."

లోపల మంచం కిర్రుమంది. అత్తయ్య ఆ గది వైపు, నా వైపు, మళ్లీ ఆ గది వైపు చూసింది.

"వాడికి పిల్లని తడిగా ఉన్నప్పుడు పట్టుకోవడం కూడా రాదే."

"రేపటికి వస్తుందిలెండి" అన్నాను. నీళ్ల బకెట్టు తెచ్చి గది గుమ్మంలో పెట్టి, "ఏమండీ, లేవండి ఒకసారి" అని పిలిచాను.

అత్తయ్య కుర్చీ లాక్కుని, మోకాళ్లు సర్దుకుని, చూడటానికి కూర్చుంది.