కొలతలకొచ్చిన తేనెటీగలు

ఆ ఉదయం దర్జీ ఆవిడ కొట్టు తలుపు తీసేసరికి బోర్డు కింద గుమ్మడికాయంత తేనెటీగల గుంపు వేలాడుతోంది. చీపురు అందుకోబోయి, ఎందుకైనా మంచిదని తేనెపెట్టెలు పెట్టుకునే పెద్దాయనకి ఫోన్ చేసింది.

ఆయన సైకిలు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.

"కొట్టకు, పొగ పెట్టకు, నీళ్లు చల్లకు. ఇల్లు మారుతూ దారిలో ఆగాయి, అంతే. జోలికి పోకపోతే ఏమీ అనవు. రేపు ఖాళీ పెట్టె తెస్తా. ఈలోగా ఇల్లు దొరికితే వాటంతటవే పోతాయి."

"ఇల్లెవరు చూస్తారు?"

"నాలుగైదు ముందెళ్లి చూసొస్తాయి. లోపలంతా నడిచి కొలతలు తీసుకుంటాయి, నీలాగే." మూల నిలబెట్టిన తల లేని కొలతబొమ్మను చూసి నవ్వాడు. ఆవిడ ఒంటి కొలతలకే చేయించుకున్న బోలు బొమ్మ అది. వచ్చినవాళ్లంతా దాన్ని ఆవిడ కవల అంటారు. "ఖాళీ చోటే కాదు, ఖాళీ కాబోయే చోటు కూడా వాటికి ముందే తెలుస్తుందనేవాడు మా తాత. పాతకాలం మాటల్లే."

అనేసి ఆయన చక్కగా సైకిలెక్కి పోయాడు. ఆవిడకి మాత్రం ఆ చివరి మాటే చెవిలో ఉండిపోయింది. మేడమీద గదిలో అమ్మ ఏడాదిగా మంచం దిగలేదు.

మధ్యాహ్నం అన్నం తీసుకెళ్తే, అమ్మ తలవైపు గోడమీద మూడు తేనెటీగలు. ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తున్నాయి, ఆగి, తిరిగి, నిలువునా నడుస్తున్నాయి. పొడవు, వెడల్పు. ఇరవై ఏళ్లుగా టేపు పట్టిన మనిషికి ఒకరు చెప్పాలా?

"పొద్దున్నుంచీ వస్తున్నాయే," అంది అమ్మ. "నన్నేం చెయ్యట్లేదు."

కుట్టాల్సిన బట్టలన్నీ పక్కన పడేసి, సాయంత్రం దాకా ఆ గది కిటికీలూ కంతలూ పీలికలతో మూసింది. "నా కంఠంలో ప్రాణముండగా ఈ గదిలోకి రానివ్వను," అని పైకే అంది.

మర్నాడు బోర్డు కింద ఒక్క ఈగ లేదు. మేడమీద అమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది.

"ఆకలేస్తోందే," అంది.

ఆవిడ ఏడ్చినంత పని చేసింది. పాలు కాచిచ్చి, తేలిగ్గా మెట్లు దిగి కొట్టు తలుపు తీసింది.

లోపల సన్నగా జుమ్మంటోంది. కొలతబొమ్మ మెడ దగ్గర కంతలోంచి ఈగలు తీరిగ్గా వస్తున్నాయి, పోతున్నాయి. ఆవిడ దగ్గరికెళ్లి బొమ్మ గుండెమీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.

పొడవు, వెడల్పు, అన్నీ తన కొలతలే. తర్వాత వేరే ఊళ్లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది.

"కాగితం తీసుకోవే. అమ్మకి ఏ పూట ఏ మాత్రో చెప్తాను, రాసుకో."

"నువ్వున్నావుగా అక్కా, నాకెందుకు?"

"రాసుకో," అంది.