ఆనెకాయల మందు

దర్జీ మూడు రోజులుగా కుర్చీలో కూర్చోవడం లేదు. బల్ల దగ్గర నిలబడి బట్టలు కత్తిరిస్తూనే ఉన్నాడు. కుట్టాల్సినవి మిషను పక్కన గుట్టగా పడ్డాయి.

“కుర్చీలో ముళ్లేమైనా మొలిచాయా?” అంది భార్య, చొక్కాకు గుండీలు కుడుతూ.

మొలిచినవి ముళ్లు కావు, పులిపిర్లు. అవీ చెప్పుకోలేని చోట. కాలి ఆనెకాయల మందు రాసుకుంటే చర్మం కాలి పుండయింది. పొద్దున చాటుగా వెళ్లి చూపించుకుంటే డాక్టరమ్మ చీవాట్లు పెట్టి వేరే మందిచ్చింది. ఇది శారీరక సంబంధం వల్ల సోకే వైరస్ అనీ, ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదనీ చెప్పింది. భార్యనూ తీసుకురమ్మంది.

చెబితే కాపురంలో చిచ్చు. చెప్పకపోతే ఆమెకు ముప్పు. చివరికి కత్తెర కింద పెట్టి అంతా చెప్పేశాడు.

ఆమె చేతిలో సూది ఆగింది. “పెళ్లయ్యాక ఎవరైనా ఉన్నారా?”

“నీ మీద ఒట్టు, లేరు. అంతకు ముందు మాత్రం...”

“ఆ ముందు సంగతి తర్వాత తీరిగ్గా తేలుస్తా. డాక్టరమ్మ ఇంకేమంది?”

“తగ్గేదాకా దూరంగా ఉండమంది. తర్వాత కండోమ్ వాడితే ముప్పు తగ్గుతుందట, పూర్తిగా మాత్రం పోదట. మన పన్నెండేళ్ల పిల్లకు ఇప్పుడే టీకా వేయిస్తే చాలావరకు ఇలాంటివి రావట.”

“అయితే రేపు ముగ్గురం వెళ్దాం.”

ఆమె లేచి మిషను ముందు కూర్చుంది. చొక్కా అతని చేతిలో పెట్టింది.

“గుండీలు నిలబడి కూడా కుట్టొచ్చు. కానివ్వండి.”