దారం లేని మిషను

నేను పెట్టె పట్టుకుని తమ్ముడింట్లో అడుగు పెట్టేసరికి నా మరదలు లోపలి గదిలో కుట్టుమిషను తొక్కుతోంది. పండుగ పూట, సాయంత్రం ఆరింటికి! ఆడపడుచు వస్తే లేచి ఎదురు రావాలన్న ధ్యాసైనా లేదు. గది తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది: "మెల్లిగా తీయండి. లోపల గుండీ ఉంది."

గుండీ వాళ్ళ కుక్క. తొమ్మిదేళ్ళ క్రితం అమ్మ బతికుండగా, గుడ్డపీలికల బుట్టలో దూరి పడుకున్న కూన అది. ఎవరిదో, ఎలా వచ్చిందో తెలియదు. అమ్మ దర్జీ పని చేసేది కాబట్టి చేతికి దొరికిన పేరే పెట్టేసింది.

"రండి వదినా, తలుపు వేసెయ్యండి. ఏమీ అనుకోకండి, లేవలేను," అంది మరదలు, కాళ్ళు ఆపకుండానే.

నేను చాలానే అనుకున్నాను. అసలు ఆ మిషను చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. అమ్మ పోయేముందు దాన్ని కన్నకూతురికి కాకుండా కోడలికి ఇచ్చింది. "నీకు స్కూల్లో గుమాస్తా ఉద్యోగం ఉంది, దీనికి ఈ మిషనే అన్నం పెడుతుంది," అంది. మాట సబబే. సబబైన మాట మీద కోపం రాకూడదని ఎవరన్నారు? ఇక ఆ మిషను మీద కాలు పెట్టనని ఒట్టు పెట్టుకుని ఆరేళ్ళయింది.

"పండుగ రోజు కూడా ఆర్డర్లేనా?" అన్నాను, వీలైనంత పుల్లగా.

"ఆర్డర్లు నిన్ననే ఇచ్చేశాను."

దగ్గరికెళ్ళి చూశాను. సూదిలో దారం లేదు. కింద గుడ్డ లేదు. ఉత్త మిషను టకటకా ఆడుతోంది. దాని ఇనుప కాలికి వీపు ఆనించి గుండీ ముడుచుకుని పడుకుంది. మూతి చుట్టూ వెంట్రుకలు నెరిసిపోయాయి. మెడపట్టీకి కట్టిన రేకుబిళ్ళ మీద తమ్ముడి ఫోను నంబరు చెక్కి ఉంది.

పోయినేడాది టపాసుల మోతకి ఇదే గుండీ కిటికీ అద్దం పగలగొట్టుకుని పారిపోయింది. మూడు రోజులు వెతికారు. దొరికాక పదకొండు కుట్లు పడ్డాయి. ఇప్పుడు గుండె బలహీనంగా ఉందనీ, మత్తుమందు ఇవ్వకూడదనీ, ఇంకోసారి అంతలా బెదిరితే తట్టుకోలేదనీ డాక్టరు చెప్పాడట. అందుకే మధ్యాహ్నం నాలుగింటికే షికారు తిప్పి, పెందలాడే అన్నం పెట్టి, కిటికీలకి రెండేసి దుప్పట్లు బిగించారు. చుట్టాల పిల్లలు దాని దగ్గరికి పరిగెత్తకుండా అందరినీ తమ్ముడు డాబా మీదికి తీసుకెళ్ళాడు.

"మిషను ఆడుతున్నంతసేపూ ఇది కదలదు వదినా. మొన్న ఎవరో టపాసు పేలిస్తే కనిపెట్టాను."

ఏడింటికి వీధిలో అసలు మోత మొదలైంది. ఒక్కో దెబ్బకి గోడలు అదురుతున్నాయి. గుండీ చెవులు నిక్కేవి, ఒళ్ళు వణికేది, మళ్ళీ వీపు మిషనుకి ఆనించేది. మరదలు ఇంకా వేగంగా తొక్కేది. వారం రోజులుగా పండుగ బట్టలు కుట్టి కుట్టి ఆమె పాదాలు వాచి ఉన్నాయి. పాపం, నేనేమో ఎదురు రాలేదని మూతి ముడుచుకున్నాను.

ఇంతలో "అమ్మో!" అని కాలు పట్టుకుని ముందుకి వంగిపోయింది. పిక్క పట్టేసింది. మిషను ఆగింది.

అదే క్షణంలో బయట పెద్ద చప్పుడు. గుండీ ఒక్క దూకులో కిటికీ దగ్గరికెళ్ళి దుప్పటి పీకడం మొదలుపెట్టింది. నోట్లోంచి సొంగ కారుతోంది. పొట్ట ఎగిరెగిరి పడుతోంది.

"వదినా, దాన్ని... నా కాలు లేవట్లేదు!"

మరదల్ని పక్కకి జరిపి కూర్చుని కాలు పెట్టాను. ఒట్టు గుర్తొచ్చింది. గుర్తొస్తే రానీ అనుకున్నాను. అలవాటు తప్పింది కదా, మొదట చక్రం వెనక్కి తిరిగి మిషను గరగరమంది. చేత్తో చక్రాన్ని ఆపి, నా వైపుకి తిప్పుకుని మళ్ళీ తొక్కాను.

చిన్నప్పుడు అమ్మ నా పాదాల మీద తన పాదాలు పెట్టి నేర్పింది. "పరుగెందుకే? నిదానంగా తొక్కు, బట్ట అదే నడుస్తుంది," అనేది. నా కాళ్ళకి వచ్చింది ఆ నిదానం ఒక్కటే. టక్... టక్... టక్... టక్.

గుండీ దుప్పటి వదిలేసింది. తల పక్కకి వాల్చి వింది. తర్వాత కిటికీ దగ్గర్నుంచి మెల్లిగా నడిచొచ్చింది. ఇందాకటిలా ఇనుప కాలి దగ్గర ఆగలేదు. నా కుర్చీ కింద దూరి, నా మడమ పక్కన గడ్డం ఆనించి పడుకుంది. వణుకు కాసేపుండి తగ్గింది.

మరదలు కాలు రుద్దుకోవడం మానేసి నన్నే చూస్తోంది.

"అత్తయ్య తొక్కినట్టే ఉంది వదినా," అంది. "కూనగా ఉన్నప్పుడు అత్తయ్య కుర్చీ కిందే పడుకునేది. నా దగ్గర ఎప్పుడూ అలా దూరలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తొక్కాను. అమ్మ నాకేమీ ఇవ్వలేదని ఆరేళ్ళు ఊరంతా చెప్పుకు తిరిగినదాన్ని.

ఎనిమిదిన్నర దాటాక తమ్ముడు తలుపు సందులోంచి తల పెట్టాడు. మిషను మీద నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అక్కా, టపాసులు ఆగిపోయి అరగంటయింది. భోజనానికి రా."

"మీరు తినండి. దీనికింకా నిద్ర పట్టలేదు," అన్నాను.

కుర్చీ కింద గుండీ గురక పెడుతోంది. మరదలు చూసి నవ్వింది. ఒక దిండు తెచ్చి నా నడుము వెనక పెట్టి వెళ్ళింది.